ముందు బత్తాయి స్క్వాషా, నిమ్మ ఊరగాయా? మహిళా సంఘాల పండ్ల నిల్వ శిక్షణకు సలహాలు కావాలి

ఊరి_లెక్కలు | శనివారం, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది నకిరేకల్ దగ్గర ఒక పల్లె. గ్రామ సంఘంలో పుస్తకాలు రాస్తాను. మొన్నటి మండల సమాఖ్య సమావేశంలో ముప్పై మంది మహిళలకు పండ్లు, కూరగాయల నిల్వ పద్ధతుల్లో శిక్షణ ఇప్పించాలని తీర్మానం చేశారు. ఏం నేర్పించాలో మమ్మల్నే చెప్పమన్నారు. అడగడమే గొప్ప కాబట్టి తొందరపడి ఏదో ఒకటి రాసి ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

ఎందుకంటే ఇంతకుముందు పక్క మండలంలో జరిగిన శిక్షణ చూశాం. యాపిల్, అనాస కలిపి జామ్ చేయించారు. ఆ పండ్లు రెండూ హైదరాబాద్ నుంచి తెప్పించారు. చివరి రోజు ధ్రువపత్రాలు పంచి, ఫొటో దిగి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆ ఊళ్ళో జామ్ చేసినవారు లేరు, చేసినా తినేవారు లేరు.

మా చుట్టూ నిమ్మ, బత్తాయి తోటలే. ఎక్కువ మంది బత్తాయి స్క్వాష్, అంటే నీళ్ళు కలుపుకుని తాగే చిక్కటి తీపి రసం వైపు మొగ్గుతున్నారు. నాకు మాత్రం ఎటూ తేలడం లేదు. తెలిసినవారు చెప్పండి.

విశ్రాంత_ఉద్యాన | శనివారం, ఉదయం 9:05

అమ్మా, మంచి ప్రశ్న వేశారు. ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి. నల్గొండ బత్తాయి అంటే ఎక్కువగా సాత్‌గుడి రకమే. సీజన్ కాపు ఆగస్టు నుంచి మొదలవుతుంది, కత్తెర కాపు వేసవిలో వస్తుంది. సీజన్ కాపు మార్కెట్‌కు ఒక్కసారిగా వచ్చిపడినప్పుడే ధర పడిపోతుంది. కాబట్టి మీవాళ్ళకు స్క్వాష్ ఆలోచన రావడం సహజమే.

శిక్షణ ఎవరిస్తారన్న దాని గురించి బెంగ పడకండి. మీకు గడ్డిపల్లి, కంపసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు దగ్గర. పాలమూరు వైపు వారికి పాలెం, మదనాపురం ఉన్నాయి. అక్కడి గృహవిజ్ఞాన విభాగం వారిని ముందే కలిసి, మీ ఊళ్ళో ఏ పండు ఏ నెలలో వస్తుందో ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. కాగితం లేకుండా వెళితే వాళ్ళ దగ్గరున్న పాఠమే మీకు చెబుతారు. ఆ జామ్ కథ అలా జరిగిందే అయి ఉంటుంది.

తూకం_తప్పదు | శనివారం, ఉదయం 10:30

ఫుడ్ టెక్నాలజీ చదివి, పండ్ల రసాల యూనిట్‌లో పనిచేస్తున్నాను. బత్తాయి స్క్వాష్ మీద అభ్యంతరం లేదు కానీ, శిక్షణలో ఎవరూ చెప్పని సంగతి ఒకటి ఉంది. బత్తాయి రసం పిండిన వెంటనే తియ్యగా ఉంటుంది. కొన్ని గంటలు గడిస్తే చేదెక్కుతుంది. గింజల్లో, తొక్క కింది తెల్లటి పొరలో ఉండే పదార్థం రసంలోని పులుపుతో కలిసి మెల్లగా లిమోనిన్‌గా మారుతుంది. వేడి చేస్తే ఆ మార్పు ఇంకా త్వరగా జరుగుతుంది. ఐదు రోజుల శిక్షణలో చివరి రోజు అందరూ రుచి చూసి బాగుందంటారు. నెల తర్వాత సీసా మూత తీసిన వినియోగదారుడు ముఖం చిట్లిస్తాడు.

కాబట్టి రసం తీసే పద్ధతి దగ్గరే అసలు శిక్షణ. పండును అడ్డంగా కోయాలి. చేతితో తిప్పే రసం గిన్నె మీద పెట్టి, తొనల్లోని రసపు ముత్యాలు అయిపోయి తెల్లపొర తగిలేలోపు ఆపేయాలి. ఇంకో రెండు చుక్కలు వస్తాయి కదా అని అదిమితే ఆ రెండు చుక్కల్లోనే చేదు ఉంటుంది. గింజలు వెంటనే వడకట్టాలి. మిక్సీలో మాత్రం వేయకూడదు, గింజలు నలుగుతాయి. ఏ తోట పండైనా ముందు ఒక గ్లాసు రసం పిండి, రాత్రంతా మూతపెట్టి ఉంచి, తెల్లారి నోట్లో వేసుకుని చూడండి. చేదుగా ఉంటే ఆ లాటును స్క్వాష్‌కు తీసుకోకండి.

లెక్క కూడా రాస్తున్నాను. 10 కిలోల బత్తాయికి సుమారు 4 కిలోల రసం వస్తుంది అనుకుందాం. స్క్వాష్ అని పేరు పెట్టాలంటే రసం కనీసం 25 శాతం ఉండాలి, బ్రిక్స్, అంటే కరిగిన చక్కెర శాతం, కనీసం 40 ఉండాలి. మనం ఇంకొంచెం మంచిగా మూడో వంతు రసం, 45 బ్రిక్స్ పెట్టుకుంటే 4 కిలోల రసానికి చక్కెర 5 కిలోలు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 100 గ్రాములు, నీళ్ళు దాదాపు 3 కిలోలు. మొత్తం 12 కిలోల స్క్వాష్. 700 మిల్లీలీటర్ల సీసాలు 14 నిండుతాయి.

నిల్వకు వాడే పొటాషియం మెటాబైసల్ఫైట్, అంటే మనం కేఎంఎస్ అనే పొడి, కిలోకు 0.6 గ్రాము చొప్పున మొత్తం మీద 7 గ్రాములే. చట్టం ఒప్పుకునే సల్ఫర్ డయాక్సైడ్ హద్దు కిలోకు 350 మిల్లీగ్రాములు, దానికి ఇది సరిపోతుంది. శిక్షణలో దీన్ని 'చిటికెడు' అని చెబుతారు. ముప్పై మంది చిటికెళ్ళు ముప్పై రకాలు. ఎక్కువైతే ఆస్తమా ఉన్నవారికి ప్రమాదం, తక్కువైతే సీసా పులిసి మూత ఎగిరిపోతుంది. కంసాలి వాడే చిన్న తూకం యంత్రం ఒకటి కొనకుండా ఈ పనిలోకి దిగకండి.

సూటిగా | శనివారం, ఉదయం 11:15

లెక్క బాగుంది, దాన్నే పూర్తి చేద్దాం. ఈ ధరలు లెక్క కోసమే అనుకోండి. బత్తాయి కిలో 25 అయితే 250 రూపాయలు. చక్కెర 225. సీసా, మూత కలిపి 20 చొప్పున 14 సీసాలకు 280. పండు కన్నా గాజు ఖరీదు ఎక్కువ! గ్యాసు, లేబులు, మిగతావి వంద. సీసాకు 61 రూపాయలు పడింది. ఇందులో మనుషుల కూలి ఒక్క రూపాయి కూడా లేదు. ఇక పగిలిన సీసాలు, దుకాణదారు వాటా, రవాణా. పక్కన పేరున్న కంపెనీ సీసా ఉండగా మనది ఎంతకు కొంటారు? బత్తాయి రైతును ఆదుకుందామని బయలుదేరి సీసాల వ్యాపారిని ఆదుకుంటాం.

అంగడి_వీధి | శనివారం, మధ్యాహ్నం 1:50

మిర్యాలగూడలో కిరాణా దుకాణం ఉంది. సూటిగా గారు అన్నది దాదాపు నిజం. స్క్వాష్ వేసవిలో తప్ప కదలదు. మార్చి నుంచి జూన్ దాకా, అంతే. సీజన్ కాపుతో సెప్టెంబరులో చేసి పెడితే ఆరు నెలలు మీ గదిలోనే ఉండాలి. అన్ని రోజులు ఆ డబ్బు ఎవరు మోస్తారు?

పచ్చడి సంగతి వేరు. నిమ్మ పచ్చడి, పండుమిరప తొక్కు, చింతకాయ తొక్కు, ఉసిరి పచ్చడి, ఇవి ఏడాది పొడుగునా అడుగుతారు. సంఘాల మహిళలు తెచ్చిన సరుకు కూడా అమ్మాను. అందులో నేను తిప్పి పంపినవన్నీ రుచి బాగాలేక కాదు. డబ్బా అంచున నూనె కారి పక్క బిస్కెట్ ప్యాకెట్లు జిడ్డు కావడం, లేబులు మీద తయారీ తేదీ లేకపోవడం, ఒక్కో డబ్బాలో ఒక్కో కారం ఉండడం, ఇవే కారణాలు. మొదటి డబ్బా కొన్నావిడ రెండోసారి వచ్చి "పోయినసారిలా లేదు" అంటే ఇక మూడోసారి రాదు. మీ శిక్షణలో వంట కోసం ఎంత సమయం పెడతారో, మూతలు బిగించడానికీ తూకానికీ అంత పెట్టండి. పావుకిలో డబ్బాలతో మొదలుపెట్టండి, కిలోవి వద్దు.

పాలమూరు_గంప | శనివారం, సాయంత్రం 6:20

అందరూ నల్గొండ గురించే మాట్లాడుతున్నారు, మా సీతాఫలం మాటేమిటి? మాది బాలానగర్ వైపు. సీతాఫలంలో పేరున్న రకానికే మా ఊరి పేరు. సీజన్‌లో బెంగళూరు రోడ్డు పొడుగునా గంపలు పెట్టుకుని కూర్చునేది మా ఆడవాళ్ళే. గుట్టల మీద నుంచి తెచ్చిన కాయ రెండు రోజుల్లో మెత్తబడిపోతుంది. సాయంత్రానికి అమ్ముడుపోని గంపను వ్యాపారి అడిగిన ధరకు ఇచ్చి బస్సు ఎక్కడమే. అదే గుజ్జును ఐస్‌క్రీం దుకాణాల వాళ్ళు ఎంత పెట్టి కొంటారో తెలుసు కదా. మాకు గుజ్జు తీయడం నేర్పిస్తే చాలదా?

తూకం_తప్పదు | శనివారం, రాత్రి 8:45

చాలదక్కా. గుజ్జు తీయడం ఒక పూటలో వస్తుంది. దాన్ని నిలబెట్టడమే కష్టం. మామిడి గుజ్జును కాచి సీసాల్లో పోయవచ్చు. సీతాఫలం గుజ్జు కాచితే చేదు వస్తుంది, రంగు గులాబీగా మారుతుంది. అందుకే దానికి గడ్డకట్టించడమే దారి. వేగంగా చల్లబరచి, సున్నాకు దిగువన 18 డిగ్రీలలో ఉంచాలి. అక్కడి నుంచి ఐస్‌క్రీం వాడి దాకా ఆ చలి ఎక్కడా తెగకూడదు. కరెంటు పోయి ఒకసారి కరిగిందంటే ఆ సరుకు మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఇంకో మాట. గుజ్జు తీసేటప్పుడు గింజ చిట్లకూడదు. ఆ గింజల పొడి పేలకు మందుగా వాడతారని మీకు తెలిసే ఉంటుంది, కంటిలో పడితే చూపుకే ముప్పు. చేత్తో తీస్తే ఆ భయం తక్కువ.

ఇది సంఘం ఒక్కటే చేయగల పని కాదు. కొనేవాడు, శీతల గిడ్డంగి ముందే కుదిరితే మీవాళ్ళ చేతి నేర్పు బంగారం. కుదరకుండా ఫ్రీజర్లు కొంటే అసలుకే ఎసరు.

పాలమూరు_గంప | శనివారం, రాత్రి 9:10

సరే, ఒప్పుకున్నాను. కానీ గింజలు తీసిన గుజ్జు కిలో లెక్కన కొనే వ్యాపారి మా దగ్గరికే వస్తే? మాకు ఫ్రీజరు అక్కర్లేదు, గంప దించిన చోటే శుభ్రమైన గది, స్టీలు బల్ల, చేతులకు తొడుగులు, తల గుడ్డ ఉంటే చాలు. ఆ పూటే వ్యాను ఎక్కిస్తాం.

తూకం_తప్పదు | శనివారం, రాత్రి 9:25

అలా అయితే నూటికి నూరుపాళ్ళు చేయండి. శిక్షణ కూడా ఆ గది శుభ్రత మీదే అడగండి, గుజ్జు తీయడం మీద కాదు.

కొల్లాపూర్_కోడలు | ఆదివారం, ఉదయం 6:55

ఇంటి దగ్గర పదిమందితో మామిడి పచ్చళ్ళు పెట్టిస్తాను. రెండు విషయాల మీద నా కోపం చెప్పుకోవాలి.

మొదటిది వేళ. మామిడి పచ్చడి శిక్షణ ఒకసారి జూలైలో పెట్టారు. మామిడికాయ ఏదని అడిగితే "ఊహించుకోండి" అన్నంత పని చేశారు. పైగా జూలై, ఆగస్టు అంటే నాట్లు. నాట్లకు పోతే కూలి వస్తుంది, శిక్షణకు వస్తే సమోసా వస్తుంది. ఎవరు వస్తారు? సీతాఫలం వేళకు పత్తి ఏరడం మొదలవుతుంది. కాబట్టి ముప్పై మంది పేర్లు రాసేముందు ఎవరు ఆ నెలలో పొలానికి వెళ్ళరో చూడండి. మోకాళ్ళ నొప్పులతో వంగలేనివారు, చంటిపిల్లల తల్లులు, ఇలాంటివారు ఈ పనికి సరిగ్గా సరిపోతారు. నా దగ్గర ముక్క కొట్టడం తప్ప మిగతా పనంతా కూర్చుని చేసేవారే.

రెండోది. ఆడవాళ్ళు అనగానే పచ్చడి, పొడులు, అప్పడాలు. గుజ్జు యంత్రం, బాయిలరు వచ్చేసరికి "వాళ్ళకు రాదు, మా అబ్బాయి చూసుకుంటాడు" అంటారు. నాకు బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటరు చూడడం ఒక ఆపరేటరు నేర్పాడు. గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే నీలం, తెలుపు కలిసే గీత దగ్గర అంకె కనిపిస్తుంది. అంతే. దీనికి డిగ్రీ ఎందుకు? శిక్షణలో ఆ పరికరం ప్రతి మనిషి చేతికీ ఇవ్వాలని పట్టుబట్టండి. ఒక్కరే చూపించి మిగతావారిని చూడమంటే ఒప్పుకోకండి.

సూటిగా | ఆదివారం, ఉదయం 8:00

కోడలు గారూ, యంత్రం మాట నిజమే. కానీ పచ్చడిని చిన్నచూపు చూడకండి. ఆ పచ్చడి మీదే కదా మీ పదిమంది ఇళ్ళూ నడుస్తున్నది.

కొల్లాపూర్_కోడలు | ఆదివారం, ఉదయం 8:20

చిన్నచూపు చూసింది నేను కాదండీ, జీతం ఇవ్వని పని కింద లెక్కగట్టేవాళ్ళు. నా దగ్గర కూలి రోజు లెక్కన ఇస్తాను, అది ధరలో కలుపుతాను. మీరు పైన వేసిన స్క్వాష్ లెక్కలో కూలి లేదన్నారే, సంఘాల లెక్కల్లో ఎప్పుడూ ఉండదు. లాభం వచ్చిందని చప్పట్లు కొట్టేది ఆ కూలి మింగేసిన తర్వాతే.

ఊరి_లెక్కలు | ఆదివారం, ఉదయం 10:40

కూలి మాట మా రిజిస్టరులో ఒక గడిగా చేర్చేస్తున్నాను. ఇంకో సందేహం. మా సభ్యుల్లో ఒకావిడ కూతురు హైదరాబాద్‌లో ఉంటుంది. అక్కడ ఉప్పునీళ్ళలో ఊరిన కూరగాయల సీసాలు బాగా అమ్ముడవుతున్నాయట. చిక్కుడు, బఠానీ, పుట్టగొడుగులు మనమూ సీసాల్లో పెట్టవచ్చు కదా అంటోంది. టమాటా ధర పడిపోయినప్పుడు కూడా ఏదైనా చేయగలమా?

తూకం_తప్పదు | ఆదివారం, మధ్యాహ్నం 12:15

కూరగాయల సీసాలు వద్దు. ఇందులో మొహమాటం లేదు. పులుపు లేని కూరగాయను నీళ్ళలో మరిగించి మూత బిగిస్తే గాలి లేని ఆ సీసాలో బోట్యులినం అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని బీజాలు మరిగే నీళ్ళకు చావవు, 121 డిగ్రీల పీడన ఆవిరి కావాలి. అది విడుదల చేసే విషానికి వాసనా ఉండకపోవచ్చు, రంగూ ఉండకపోవచ్చు. హద్దు పీహెచ్ 4.6. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అంతకన్నా పులుపు తక్కువ ఉన్న దేన్నీ పల్లెలో సీసాలో మూయకూడదు. నిమ్మ, ఉసిరి, చింత, మామిడికాయ, ఇవి ఆ హద్దుకు ఎంతో కింద ఉంటాయి, అందుకే మన అమ్మమ్మలకు థర్మామీటరు అవసరం రాలేదు. టమాటా సరిగ్గా అంచున ఉంటుంది. సీసాలో పెట్టాలంటే నిమ్మరసమో నిమ్మ ఉప్పో కలపాలి.

టమాటాకు ఎండబెట్టడం మేలు. వేలి మందం కన్నా పలుచగా చక్రాలు కోసి, 55 నుంచి 60 డిగ్రీలలో సౌర డ్రయ్యరులో పెట్టండి. అంతకు మించితే పైన గట్టిపడి లోపల తడి ఉండిపోతుంది. కాకపోతే 94 శాతం నీళ్ళే కాబట్టి 18, 20 కిలోలకు ఒక కిలో ఒరుగు వస్తుంది. టమాటా నిజంగా పారబోసే ధరలో ఉన్నప్పుడే గిట్టుబాటు. కాకర, గోరుచిక్కుడు ఒరుగులు కూడా ఆ డ్రయ్యరులోనే.

విశ్రాంత_ఉద్యాన | ఆదివారం, సాయంత్రం 4:30

నీళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. నల్గొండ జిల్లాలో చాలా చోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుంది. కాచితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. స్క్వాష్‌కు కానీ, పాకానికి కానీ, కడగడానికి కానీ మిషన్ భగీరథ నీళ్ళే వాడండి. ఆ గదికి నల్లా కనెక్షను ఉందో లేదో చూడకుండా అద్దెకు తీసుకోవద్దు.

కృష్ణాతీరం | ఆదివారం, సాయంత్రం 7:05

బ్యాంకు వైపు నుంచి కొన్ని మాటలు. 2020లో మొదలైన కేంద్ర పథకం పీఎంఎఫ్‌ఎంఈ కింద చిన్న ఆహార తయారీ యూనిట్లకు ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా రాయితీ పెట్టారు. దాని గడువు 2025-26 వరకు, ఇప్పుడు ఉందో లేదో ముందు కనుక్కోండి. మీ వాటా కనీసం 10 శాతం పెట్టుకోవాలి, మిగతాది అప్పు. ఆ రాయితీ చేతికి నగదుగా రాదని ముందే అందరికీ చెప్పండి. మీ పేరుతో బ్యాంకులో ఉంటుంది, మూడేళ్ళు ఖాతా సక్రమంగా నడిస్తే అప్పులో జమ అవుతుంది. ఈ ఒక్క విషయం తెలియక సంఘాల్లో గొడవలు పడుతుంటారు. ఆ పథకంలోనే మీకు ముందు పనికొచ్చేది, సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి 40 వేల వరకు పెట్టుబడి కింద సమాఖ్య ద్వారా ఇచ్చే మొత్తం. పాత్రలు, చిన్న పనిముట్లకు దాన్ని వాడవచ్చు.

ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు లేకుండా దుకాణానికి సరుకు ఇవ్వకండి. చిన్న అమ్మకాలకు రిజిస్ట్రేషను చాలు, రుసుము తక్కువే. 14 అంకెల నంబరు వస్తుంది, అది డబ్బా మీద వేయాలి. దళారికి వేలు పోయకండి.

విశ్రాంత_ఉద్యాన | ఆదివారం, రాత్రి 8:10

ఇక నా మాట చెబుతాను, ఊరి_లెక్కలు గారూ. బత్తాయి కాదు, నిమ్మతో మొదలుపెట్టండి. మీకు నిమ్మ మార్కెట్ కూతవేటు దూరంలో ఉంది. వేసవిలో నిమ్మ ధర ఆకాశంలో ఉంటుంది, వానలు పడ్డాక నేలకు వస్తుంది. కొనవలసింది ఇప్పుడు, ఈ వానల్లోనే. ఎండ లేని కాలమైనా నిమ్మను ఉప్పులో ఊరబెట్టడానికి ఇబ్బంది లేదు. కిలో కాయకు 200 గ్రాముల ఉప్పు, కొంచెం పసుపు. నాలుగు ముక్కలు చేసి జాడీలో పెట్టి, రోజూ పొడి గరిటెతో కలుపుతుంటే మూడు నాలుగు వారాల్లో తొక్క మెత్తబడుతుంది. అక్కడ ఆపేయవచ్చు. కారం, మెంతిపొడి, పోపు ఆర్డరు వచ్చినప్పుడు కలుపుకోవచ్చు. నాట్ల కూలికి పోవాలంటే పోవచ్చు, జాడీ ఎదురుచూస్తుంది. స్క్వాష్ అలా ఎదురుచూడదు, పిండిన రోజే సీసాలోకి వెళ్ళాలి.

శిక్షణ కూడా అలాగే అడగండి. ఐదు రోజులు వరుసగా వద్దు. ఉప్పు వేసే రోజు ఒకటి, మూడు వారాల తర్వాత జాడీ తెరిచి చూసే రోజు ఒకటి, కారం కలిపి డబ్బాల్లో నింపే రోజు ఒకటి, అంగడి_వీధి గారి లాంటి దుకాణదారుతో కూర్చునే రోజు ఒకటి. పాడైన జాడీ ఏదైనా ఉంటే అది ఆ రెండో రోజున బయటపడుతుంది. వరుస శిక్షణలో పాడైన జాడీని ఎవరూ చూడరు.

సూటిగా | ఆదివారం, రాత్రి 8:40

శిక్షకులు ఒప్పుకోరు. నాలుగుసార్లు వస్తే ప్రయాణ ఖర్చు ఎవరిస్తారని అడుగుతారు.

విశ్రాంత_ఉద్యాన | ఆదివారం, రాత్రి 8:55

ఐదు రోజులు నాలుగైతే ఒక రోజు భోజనాల ఖర్చు మిగులుతుంది కదా, దాన్ని ప్రయాణానికి పెట్టవచ్చు. తీర్మానంలోనే అలా రాసి పంపమనండి.

ఊరి_లెక్కలు | సోమవారం, ఉదయం 7:15

రాత్రి ఈ చర్చంతా మా అధ్యక్షురాలికి చదివి వినిపించాను. నిమ్మకే ఒప్పుకున్నారు. బత్తాయి వదలలేదు, సెప్టెంబరులో రెండు మూడు తోటల రసం పిండి, రాత్రంతా ఉంచి చేదు చూస్తారట. చేదు రాని తోటల పేర్లు రాసి పెట్టుకుంటాం. తీర్మానంలో నాలుగు విడతలు, చిన్న తూకం యంత్రం, ప్రతి ఒక్కరి చేతికీ రిఫ్రాక్టోమీటరు, కూలి గడి చేర్చాం. ముప్పై మందిలో నాట్లకు వెళ్ళేవారు పదిహేడు మంది, అందుకే మొదటి విడతకు మిగతా పదమూడు మందినే పిలుస్తున్నాం.

ఒక ప్రశ్న మిగిలింది. అంత కాయ ఊరబెట్టడానికి జాడీలు లేవు. ఒకరి ఇంట్లో నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు ఖాళీగా ఉన్నాయి, కడిగి వాడవచ్చా?

తూకం_తప్పదు | సోమవారం, ఉదయం 7:50

వాటిలో ఇంతకుముందు ఏముండేదో తెలియకపోతే ముట్టుకోవద్దు. రంగులు, రసాయనాలు వచ్చిన డ్రమ్ము ఎంత కడిగినా లోపలి గోడకు పట్టింది పోదు, నిమ్మ పులుపు దాన్ని లాగుతుంది. ఆహారానికి పనికొచ్చేదని ముద్ర ఉన్న కొత్త డ్రమ్ములు కొనండి. అల్యూమినియం గంగాళాలు అసలే వద్దు.

అంగడి_వీధి | సోమవారం, ఉదయం 8:30

కొత్త డ్రమ్ములు కొనేముందు హోటళ్ళకు పచ్చడి పోసే వారిని అడగండి, తక్కువకు దొరకవచ్చు. కాయ కొనేటప్పుడు మచ్చ ఉన్న లాటును వదలకండి. పైన మచ్చ, లోపల గట్టి కాయ, ధర తక్కువ. మెత్తబడినదీ, తొడిమ దగ్గర బూజు ఉన్నదీ మాత్రం ఏరి పారేయండి. మొదటి డబ్బాలు తయారైతే నాకు ఓ డజను పంపండి, లేబులు మీద తేదీ మరిచిపోకండి.